ఇంటి పన్నులో ఎనిమిది పైసలు

ప్రజల పన్నుతో నడుస్తూ, కులం, మతం, వయసు, చదువు అడగకుండా ఎవరు వచ్చినా కూర్చుని చదువుకోనిచ్చే సంస్థను పౌర గ్రంథాలయం అంటారు. తెలుగు నేల మీద దీనికి చట్టబద్ధమైన ఆధారం 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. ఆంధ్ర ప్రాంతంలో అప్పటిదాకా అమల్లో ఉన్న 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో అమల్లో ఉన్న 1955 నాటి హైదరాబాదు చట్టం స్థానంలో ఇది వచ్చింది. దీని ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ, దాని కింద పట్టణాల్లోనూ పెద్ద గ్రామాల్లోనూ శాఖా గ్రంథాలయాలు ఏర్పడ్డాయి. వీటి పోషణ కోసం స్థానిక సంస్థలు ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను అదనంగా వసూలు చేసి జిల్లా సంస్థకు జమ చేయాలి. చాలామంది గృహస్థులు డిమాండు నోటీసులో ఈ పద్దును చూస్తారు గాని, అది ఎక్కడికి పోతుందో ఆలోచించరు.

ఈ సంవాదం ఆ ఎనిమిది పైసల గురించి. ఇందులో ఒకరు పురపాలక సంఘం లెక్కల విభాగంలో పనిచేసి విరమించిన అధికారి, రెండోవారు ఒక శాఖా గ్రంథాలయాన్ని నడుపుతున్న గ్రంథపాలకురాలు. వీరు ఏ ఒక్క ఊరికీ చెందినవారు కారు, ఏ పట్టణంలోనైనా ఎదురుపడగలవారు. ఎదుటి వాదాన్ని ముందుగా, దాని బలం తగ్గించకుండా వినిపించడాన్ని మన శాస్త్ర సంప్రదాయం పూర్వపక్షం అంటుంది కాబట్టి, మొదటి మాట లెక్కల అధికారిదే.

లెక్కల అధికారి: అమ్మా, లెక్క సూటిగా చూద్దాం. ఏడాదికి రెండున్నర వేలు ఇంటి పన్ను కట్టే గృహస్థు గ్రంథాలయం పద్దు కింద రెండు వందలు కడుతున్నాడు. ఆయన ఇంటికి పేపరు వస్తుంది, చేతిలో ఫోను ఉంది, పిల్లలకు కావలసిన పుస్తకాలు కొనిపెట్టే స్తోమత ఉంది. గ్రంథాలయం గడప తొక్కి ఏళ్ళు గడిచినా ఆయనకు ఏ లోటూ కనబడలేదు. మరి అక్కడ కూర్చునేది ఎవరంటే, పక్క ఊళ్ళ నుంచి వచ్చి అద్దెగదుల్లో ఉండే ఉద్యోగార్థులు, పింఛనుదారులు, ఎండకు కాసేపు లోపలికి వచ్చే బాటసారులు. కట్టేవాడు వాడుకోడు, వాడుకునేవాడు కట్టడు. ఒక పన్ను మీద ఇంతకంటే పెద్ద ఆక్షేపణ ఏముంటుంది?

గ్రంథపాలకురాలు: మీరు చెప్పినది చాలావరకు నిజమే, అయ్యా. అయితే అది ఈ పన్నులోని లోపం కాదు, ఈ పన్ను పెట్టిన ఉద్దేశమే అది. ఇల్లు ఉన్నవాడికి చదువుకోవడానికి ఒక మూల, ఒక దీపం, తలుపు వేసుకుంటే కాస్త నిశ్శబ్దం ఉంటాయి. ఒకే గదిలో వంట, పడక, టీవీ, అయిదుగురు మనుషులు ఉన్న ఇంట్లో పదో తరగతి పిల్లకు ఆ మూల ఎక్కడ దొరుకుతుంది? ఇల్లు ఉన్నవారి మీద పన్ను వేసి, ఇంట్లో చోటు లేనివారికి ఊరి మధ్యలో చోటు కల్పించడమే ఈ చట్టం చేసిన పని. పైగా అద్దెకుండేవాళ్ళు కట్టడం లేదన్న మాట కూడా పూర్తిగా నిలవదు, ఎందుకంటే ఇంటి యజమాని అద్దె నిర్ణయించేటప్పుడు ఇంటి పన్నునూ అందులో కలుపుకునే నిర్ణయిస్తాడు.

లెక్కల అధికారి: చోటు అన్నారు, అసలు పేచీ అక్కడే ఉంది. గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివే కుర్రవాళ్ళు తమ పుస్తకాలు తామే సంచిలో తెచ్చుకుంటారు. వాళ్ళకు కావలసింది కుర్చీ, ఫ్యాను, ఫోను చార్జింగు పెట్టుకునే చోటు. మీ బీరువాలో ఉన్న ఒక్క పుస్తకాన్ని కూడా వాళ్ళు తాకరు. గ్రంథాలయశాస్త్రానికి ఆచార్యుడని మీరంతా చెప్పే రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిదే పుస్తకాలు ఉపయోగం కోసమన్నది కదా. ఆ సూత్రం ప్రకారం చూసినా, పుస్తకం కదలని చోటును గ్రంథాలయం అనడం ఎలా కుదురుతుంది?

ఈ ప్రశ్న తేలికగా తోసివేయదగినది కాదు. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం మొదలుకొని చిన్న పట్టణాల శాఖల దాకా ఉదయం తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఎదురుచూసే వారిలో అధిక భాగం పోటీ పరీక్షల అభ్యర్థులే. గ్రంథాలయం పుస్తకాల ఇల్లా, పాఠకుల ఇల్లా అన్న చర్చ ఈ రంగంలో ఇంకా తేలలేదు.

గ్రంథపాలకురాలు: విజయవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలిసినప్పుడు దాని పేరులోనే గ్రంథాలయంతో పాటు పఠన మందిరం అన్న మాటా చేరింది. ఆ ప్రాంగణంలోనే 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులు తొలిసారి సభ చేసుకున్నారు. అంటే కుర్చీ, బల్ల, దీపం ఈ సంస్థకు తర్వాత అంటుకున్న అలవాట్లు కావు, పుట్టుకతో వచ్చిన అంగాలు. ఇక కుర్చీ ఒక్కటే వాడుకుంటారన్న మాట విషయానికి వస్తే, ఒక్క రోజు ఉదయం ఎనిమిదింటికి వార్తాపత్రికల బల్ల దగ్గర నిలబడి చూడండి. అటెండరు పత్రికలు పరిచిన అయిదు నిమిషాలకే ఒక్కొక్క పత్రికా నాలుగు ముక్కలవుతుంది. జిల్లా పుటలు ఒకరి చేతిలోకి, సంపాదకీయం ఉన్న కాగితం మరొకరి చేతిలోకి, ఆటల పుట ఇంకొకరి చేతిలోకి పోతాయి. పింఛనుదారు ఒకాయన తనకు తెలిసిన పేరు ఏదైనా ఉందేమోనని శ్రద్ధాంజలి ప్రకటనలు ముందు చూస్తాడు. ఆయన పక్కనే ఒక అమ్మాయి సంపాదకీయంలోని అంశాలను నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకుంటుంది. సంతకు వచ్చిన రైతు ధరల పట్టిక ఉన్న కాగితం ఎవరి దగ్గరుందో అడుగుతాడు. ఆయన చేతికి అది వచ్చేసరికి అంచులు నలిగి ఉంటాయి, అయినా చదివి మడత పెట్టి ఇస్తాడు. ఇదంతా మా జారీ రిజిస్టరులో ఎక్కడా కనబడదు, ఎందుకంటే ఇంటికి తీసుకెళ్ళిన పుస్తకాన్నే ఆ రిజిస్టరు లెక్కిస్తుంది.

లెక్కల అధికారి: లెక్కకు రాని మేలును లెక్కలోకి తీసుకోమంటే ఏ ఆడిటరూ ఒప్పుకోడు. పోనీ, లెక్కకు వచ్చే దాన్నే చూద్దాం. మీ బీరువాలకు తాళాలు ఎందుకున్నాయి? లోపలి పుస్తకాలు అద్దంలోంచి చూసి ఎంచుకోవలసిందేనా? వాటిలో సగం అట్టలు ఊడినవి, కొన్ని రద్దయిన పాఠ్యప్రణాళికలకు చెందినవి. ఆ గైడు చదివి పరీక్షకు వెళ్ళినవాడు నష్టపోతాడు.

గ్రంథపాలకురాలు: ఈ మాటకు జవాబు లేదు, ఒప్పుకోలు మాత్రమే ఉంది. పుస్తకం మా చేతికి రాగానే దానికి వరుస సంఖ్య వేసి, యాక్సెషన్ రిజిస్టరు అనే ప్రవేశ పట్టికలో పేరు, రచయిత, వెల రాస్తాం. ముఖపత్రం మీద ఒకసారి, లోపల ఎంచుకున్న ఒక రహస్య పుట మీద మరొకసారి ముద్ర వేస్తాం. ముఖపత్రం చించేసినా ఆ రహస్య పుట వల్ల పుస్తకం ఏ గ్రంథాలయానిదో తెలుస్తుంది. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, పోయిన ప్రతి పుస్తకానికీ గ్రంథపాలకులే జవాబు చెప్పుకోవాలన్న భయం ఈ ఉద్యోగంలో తొలిరోజు నుంచీ ఉంటుంది. ఆ భయమే బీరువాకు తాళం వేయిస్తుంది. పాఠకుడు స్వయంగా బీరువాల మధ్య తిరిగి, పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, రెండు పుటలు తిప్పి చూసుకునే పద్ధతిని బహిరంగ ప్రవేశం అంటారు. రంగనాథన్ ఆ పద్ధతినే గట్టిగా సమర్థించారు, కొన్ని పుస్తకాలు పోయినా లోకానికి నష్టం లేదన్నది ఆ పద్ధతి వెనుక ఉన్న నమ్మకం. మేము పుస్తకాన్ని కాపాడుతున్నామని అనుకుంటూ పాఠకుణ్ణి పోగొట్టుకున్నాం. చిరిగినవాటిని, కాలం చెల్లినవాటిని ఏరి తీసెయ్యడానికి కూడా పై అనుమతులు కావాలి, అవి వచ్చేదాకా ఆ గైడు బీరువాలోనే ఉంటుంది.

లెక్కల అధికారి: మీరు నిజాయితీగా ఒప్పుకున్నారు కాబట్టి ఇంకో మెట్టు ఎక్కుదాం. బహిరంగ ప్రవేశం కావాలంటే ఇప్పుడు బీరువా ఎందుకు? పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కాను చేసి అంతర్జాలంలో పెట్టారు, పత్రికలు ఫోనులోనే వస్తున్నాయి. ఈ భవనం, ఈ జీతాలు లేకుండానే మొత్తం విజ్ఞానం జేబులోకి వచ్చేసింది.

గ్రంథపాలకురాలు: స్కాను అయినవి ఎక్కడి నుంచి అయ్యాయో కూడా చూడాలి కదండీ. తెలుగులో ఒక పుస్తకం సాధారణంగా వెయ్యి ప్రతులు అచ్చవుతుంది, కొన్ని అయిదు వందలే. రెండో ముద్రణ రాని పుస్తకాలే ఎక్కువ. ఒక తరం గడిచాక ఆ వెయ్యిలో ఇళ్ళలో మిగిలినవి చెదలకూ, చిత్తుకాగితాల బండికీ పోతాయి. స్కాను చేసేవాళ్ళకు ప్రతి దొరికిందంటే, ఎక్కడో ఒక గ్రంథాలయం దాన్ని అట్టకట్టి దాచి ఉంచబట్టే. పాత పత్రికల సంపుటాల కోసం పరిశోధకులు ఈనాటికీ వేటపాలెం సారస్వత నికేతనానికి వెళుతున్నారు. ఇక ఫోను విషయం. ఫోను చాలా ఇళ్ళలో ఒకటే ఉంటుంది, పగలు అది తండ్రితో పాటు పనికి పోతుంది. ఉన్న ఫోనులోనూ పాఠకుడు తనకు తెలిసిన పేరునే వెతుకుతాడు. అడగడం తెలియని పుస్తకం ఎలా దొరుకుతుందన్నదే గ్రంథాలయం తీర్చే చిక్కు. విషయాన్ని బట్టి పుస్తకాలకు సంఖ్యలిచ్చే పద్ధతిని వర్గీకరణ అంటారు. ఎక్కువ గ్రంథాలయాలు పాటించే డ్యూయీ దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి 894.827 అన్న సంఖ్య ఉంది. ఆ సంఖ్య ఉన్న అర దగ్గరికి ఒక నవల కోసం వచ్చిన పాఠకురాలికి దాని పక్కనే తాను పేరు కూడా వినని రచయిత్రి కథల సంపుటి కనబడుతుంది.

లెక్కల అధికారి: బీరువాకు తాళం లేకపోతే కనబడుతుంది.

గ్రంథపాలకురాలు: అవును. తాళం లేకపోతేనే.

ఇక్కడి నుంచి చర్చ చరిత్ర వైపు మళ్ళింది. లెక్కల అధికారి వాదంలో అన్నిటికంటే గట్టి భాగం ఇదే. గ్రంథాలయోద్యమాన్ని గౌరవించేవారే ఈ ప్రశ్న ఎక్కువగా వేసుకోవాలి.

లెక్కల అధికారి: హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైనప్పుడు ఏ పన్నూ లేదు. బడిలో తెలుగు చదువుకునే వీలు అరుదైన రాజ్యంలో కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటి వాళ్ళు తెలుగు పుస్తకాలను ఒక చోట చేర్చారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1918లో మీరు చెప్పిన వేటపాలెం గ్రంథాలయం వెలిశాయి. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి, ప్రయాణికులు ప్రయాణంలోనే చదువుకునే ఏర్పాటు చేశారు. వీటన్నిటినీ జనం తమవనుకున్నారు కాబట్టి చందాలిచ్చారు, పుస్తకాలిచ్చారు, కొందరు ఆస్తులే ఇచ్చారు. చట్టం వచ్చాక గ్రంథాలయం ఒక ఆఫీసయింది. ఊరివాళ్ళ పని పన్ను కట్టడంతో తీరిపోయింది. ఉద్యమానికి మీ చట్టమే ముగింపు పలికిందని అంటే తప్పవుతుందా?

గ్రంథపాలకురాలు: మీరు చెప్పినవన్నీ నిలిచిన గ్రంథాలయాల పేర్లు. పోషకుడు కన్నుమూయగానే తలుపులు మూసుకున్న గ్రంథాలయాల పేర్లు చరిత్రలో లేవు, అవి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. రంగారావు గారి వంటి వ్యక్తి ఉన్న ఊరికి గ్రంథాలయం వచ్చింది, అటువంటి వ్యక్తి లేని ఊరికి రాలేదు. దాత దయ మీద ఆధారపడిన సంస్థ దాత బతికున్నంతకాలం గొప్పగా నడుస్తుంది. చట్టం దయను హక్కుగా మార్చింది, అందుకే రంగనాథన్ గ్రంథాలయ చట్టం కోసం ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. అయినా మీ మాటలో నొప్పించే నిజం ఒకటుంది. ఆ రోజుల్లో పుస్తకాల పడవ కాలువ గట్టున ఉన్న ఊళ్ళకు వెళ్ళింది, ఈ రోజు మేము పాఠకుడు వచ్చేదాకా బల్ల దగ్గర కూర్చుంటున్నాం. చాలా శాఖలు ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరిచి ఉంటాయి. దుకాణంలో పనిచేసే కుర్రవాడు ఉదయం తొమ్మిదికి పనిలోకి పోయి రాత్రి తొమ్మిదికి బయటపడతాడు. ఈ వేళలు అతనికి ఎందుకూ పనికిరావు. వార్తాపత్రికల గదిలో మగవాళ్ళే నిండి ఉంటే ఆడపిల్ల గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వేసవిలో పిల్లల కోసం శిబిరం పెట్టినప్పుడు తల్లులు వస్తారు, జూన్‌లో బడి తెరవగానే ఆగిపోతారు. వాళ్ళను నిలబెట్టుకోవడం మాకు చేతకాలేదు.

లెక్కల అధికారి: మరి ఇన్ని లోపాలు మీరే చెబుతున్నప్పుడు పన్ను ఎందుకు కట్టాలి?

గ్రంథపాలకురాలు: ఆ ప్రశ్నను తిప్పి మిమ్మల్నే అడగవలసి వస్తోంది. కట్టిన పన్ను ఎక్కడికి పోయింది? డిమాండు నోటీసులో గ్రంథాలయం పేరుతో వసూలైన సొమ్ము గ్రంథాలయానికి ఎంత చేరిందో ఈ ఊళ్ళో మీకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

లెక్కల అధికారి వెంటనే జవాబివ్వలేదు. కాసేపటికి ఆయన చెప్పినది పురపాలక లెక్కల్లో అరుదైన విషయమేమీ కాదు కాబట్టి వివరంగా చూడవలసి ఉంది. ఇంటి పన్ను, నీటి పన్ను, గ్రంథాలయ పన్ను వేరు వేరు పద్దులైనా గృహస్థు చెల్లించేది ఒకే మొత్తం, ఒకే రసీదు. ఆ సొమ్ము సాధారణ నిధిలో చేరుతుంది. నెలాఖరుకు పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, నీటి పంపుల కరెంటు బిల్లు, రోడ్ల మరమ్మతుల బకాయిలు ముందు నిలబడతాయి. వాటిని ఆపితే మర్నాడు ఉదయమే ఊరు రోడ్డు మీదికి వస్తుంది. గ్రంథాలయ వాటా ఆపితే అడగడానికి ఎవరూ రారు.

లెక్కల అధికారి: ఏటా మార్చి నెలలో ఆ అంకెను చెల్లించవలసిన బాకీల పట్టికలో రాసి, మరుసటి ఏడాది బాకీని దాని కింద కలిపి రాయడమే మా విభాగంలో జరిగేది. ఎవరూ ఒక్క రూపాయి జేబులో వేసుకోలేదు, ఆ మాట ప్రమాణం చేసి చెప్పవచ్చు. కాని గ్రంథాలయం కోసమని జనం దగ్గర తీసుకున్న డబ్బుతో వీధిదీపాలు వెలిగించాం. ఆ పద్దు రాసిన చేయి ఇదే.

గ్రంథపాలకురాలు: ఈ ప్రవేశ పట్టికలో చివరి పుటలు చూడండి. జిల్లా సంస్థకు నిధులు చేరిన సంవత్సరాల్లో పుస్తకాల నమోదు పుటల తరబడి ఉంది, చేరని సంవత్సరాల్లో ఒక్క పుట కూడా నిండలేదు. ఉన్న కొద్ది పద్దుల్లోనూ చాలావరకు 1972లో కలకత్తాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ సాయంతో వచ్చినవీ, ఊళ్ళో ఒక ఉపాధ్యాయుడు చనిపోతే ఆయన పిల్లలు తెచ్చి ఇచ్చినవీ. కొత్త పుస్తకాలు లేవు కాబట్టి పాఠకులు రాలేదు, పాఠకులు రాలేదు కాబట్టి డబ్బు అవసరం లేదని మీ కార్యాలయంలో నిర్ణయించారు. బీరువాలో పుస్తకం కదలదని మొదట మీరు చేసిన ఆక్షేపణకు కారణం సగం మా తాళమైతే, మిగతా సగం మీ పట్టిక.

లెక్కల అధికారి: కాదనడానికి వీలు లేదు. అయినా ఒక్క విషయంలో మాట మారదు. గ్రంథాలయానికి రాబడి మరొకరి చేతిలో ఉన్నంతకాలం ఈ బాకీ తీరదు. వాడుకునే ప్రతివారి దగ్గరా నెలకు ఇరవై రూపాయలు తీసుకుంటే ఆ డబ్బు ఈ గుమ్మంలోనే ఉంటుంది, సాధారణ నిధిలోకి పోదు. పుస్తకం ఇంటికిచ్చేటప్పుడు తీసుకుని తిరిగి ఇచ్చేసే డిపాజిట్టు మీద ఎంతకాలం నడుపుతారు?

గ్రంథపాలకురాలు: ఇరవై రూపాయలు మీకూ మాకూ చిన్న మొత్తం. టిఫిను మానేసి అద్దెగదిలో నెట్టుకొస్తున్నవాడికి అది గుమ్మం దగ్గర నిలిపివేసే మొత్తం. ఎవరు ఇవ్వగలరో, ఎవరు ఇవ్వలేరో గుమ్మంలో నిలబడి తేల్చడం మొదలుపెడితే, ఏమీ అడగకుండా తలుపు తెరిచే చోటు ఊళ్ళో ఇంకొకటి మిగలదు. రుసుము వద్దు, బాకీ రావాలి. దారి అదొక్కటే.

రుసుము విషయంలో వారిద్దరికీ పొత్తు కుదరలేదు. వసూలు చేసిన గ్రంథాలయ పన్నును ఇతర ఖర్చులకు వాడడం మానాలి, లేదా ఆ పేరుతో వసూలు చేయడమే మానాలి అన్న మాట దగ్గర మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యారు. జిల్లా సంస్థకు రావలసిన వాటా ఏ సంవత్సరానికి ఎంతో ఏ రికార్డులో దొరుకుతుందో లెక్కల అధికారికి తెలుసు. దాన్ని సమాచార హక్కు చట్టం కింద అడగడానికి దరఖాస్తులో ఏ పద్దు పేరు ఎలా రాయాలో ఆయన ఒక కాగితం మీద రాసి ఇచ్చారు, గ్రంథపాలకురాలు ప్రవేశ పట్టికలోని పుటల వివరం దాని వెనుక రాసుకున్నారు. ఉదయపు వేళ ముగిసి పదకొండు దాటింది. తాళంచెవులు పట్టుకుని అటెండరు గుమ్మంలో నిలబడ్డాడు. పఠన మందిరంలో ఇంకా తొమ్మిది మంది తలలు వంచుకుని చదువుతూనే ఉన్నారు, వారిలో ఒక్కరూ లేవలేదు. ఇంకో అరగంట ఉండనిమ్మని అటెండరుకు చెప్పింది లెక్కల అధికారే.